రామలింగం వరుసలకు ఒక అర్ర

గోడ గడియారంల పన్నెండుకు పావు తక్కువ. ఒంటిగంటకు కరెంటు తీస్తరు, ఎండలు ముదిరినకాన్నుంచి రోజూ అదే వేళకు తీసి మూడింటికి ఇస్తాండ్రు, ఇయ్యాల గూడ తీస్తరు, అండ్ల అనుమానం లేదు. మొగిలమ్మ గడియారం దిక్కు చూసి, మనవరాలి వీపు దిక్కు చూసి, ఒడిలున్న సద్ది గిన్నె దిక్కు చూసుకున్నది. మూత తియ్యబుద్ధి కాలేదు. చెప్పులు గడప బయట ఇడిసి వచ్చింది, కాళ్ల కింద గచ్చు చల్లగ జివ్వుమంటాంది, కొత్తవాడ జంపఖానాల సంఘం ఆఫీసు మొత్తంల ఈ ఒక్క అర్రకే చల్లగాలి పెట్టిచ్చిండ్రు, అదీ మనుషుల కోసం కాదు, కంప్యూటరు కోసం. బయట నూలు బేళ్లు మోసెటోళ్లు చెమటల తడుస్తాండ్రు, లోపల ఈ మిషను మాత్రం కొత్త పెండ్లికొడుకు లెక్క నీడపట్టున కూసున్నది. కూసున్నది గని సుఖంగ లేదు, లోపల్నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు చేస్తాంది, నూనె ఎండిపోయిన రాట్నం తిరిగినట్టు. పొద్దుగాల కళావతి చెప్పింది, ఏది ఏడున్నదో రాసుకునే చిట్టా ఒకటి ఉంటదట దాని కడుపుల, ఆ చిట్టా చినిగిందట, ఇంకొక్కసారి మిషను ఆగిందంటే, మనం ఆపినా కరెంటు పోయి ఆగినా, ఇప్పుడు అతుకుల మీద చదవవస్తున్నది గూడ చదవరాదట. అంటే ఉన్నది గంటంబావు. గంటంబావుల ఏది బతుకాలె ఏది పోవాలె తేలాలె.

తేల్చెటిది కళావతి. ఇరవై రెండేండ్ల పిల్ల, పాలిటెక్నిక్ చదివింది, నడుముకు కొంగు చెక్కుకోని కుర్చీల వంగి కూసోని, పాత క్యాలెండరు కాయితం ఎనుక దిక్కు పెన్సిలుతోని పొడుగాటి డబ్బా ఒకటి గీసుకున్నది, జంపఖానా పరిచినట్టు అడ్డంగ. దాన్ని గీతలు పెట్టి అర్రలు చేస్తాంది. గీస్తాంది, రబ్బరుతోని చెరుపుతాంది, మళ్ల గీస్తాంది. మొగిలమ్మ అడిగింది అవేందని, అడిగితే విసుక్కోదు పిల్ల, తండ్రి గుణం. ఇగో బాపమ్మా, ఇది మిషను సొంతానికి, లేవంగనే దానికేం గావాల్నో అవన్ని ఇండ్ల ఉంటయి. ఇది ఖాళీగ ఇడిసిపెట్టాలె, పని మీద ఉన్నప్పుడు చేతుల పట్టనివి జర సేపు ఇండ్ల పెట్టుకుంటది, పని కాంగనే తీసేస్తది. ఇది సంఘానికి, సభ్యుల పేర్లు, మగ్గాలు, నూలు ఎవరికెంతో అది. ఇగ ఇది మనకు. ఈ చివరికి అడ్డగీతలు కొట్టిన చూడు, అక్కడ డిస్కు మీద మచ్చలున్నయి, అక్కడ ఏం పెట్టినా ఖరాబయితది, ఇడిసిపెట్టుడే. అని చెప్పుకుంట పెన్సిలు చెవుల పెట్టుకున్నది. ఒక్కో అర్రకు ఒక్కో చిట్టా వేరేగ ఉంటదట, ఒకదాని చిట్టా చినిగినా పక్కదాని చిట్టా చినగదట. అండ్ల ఎన్ని వస్తువులు పెడ్తమో, చిన్నయి చానా పెడ్తమో పెద్దయి కొన్ని పెడ్తమో, అది గూడ ముందుగాల్నే చెప్పాల్నట. మొదాలు ఈ మిషను తెచ్చినప్పుడు హైదరాబాదు నుంచి వచ్చినాయన సోమరిపోతు, అంతా ఒకటే అర్ర చేసి టీ తాగి పోయిండు. మిషను తన ముచ్చట్లు తాను రాసుకుంట రాసుకుంట ఆ అర్రంత నింపింది, నిండినప్పుడే కరెంటు పోయింది, అన్ని కలిసి ఒకటే చిట్టా గాబట్టి అన్నీ ఒక్కసారే చెదిరినయి. ఇప్పుడు మొత్తం తుడిచి, అర్రలు పెట్టి, మళ్ల మొదాల్నుంచి ఎక్కియ్యాలె.

"మరి గీత తప్పు పడితే జరుపుకోవచ్చునా బిడ్డా?" అని మొగిలమ్మ అడిగింది.

"జరపరాదు బాపమ్మా. ఒకసారి పడిందంటే పడ్డట్టే. జరపాల్నంటే మళ్ల అంతా తుడవాలె. అందుకే గద ఇంత సేపు."

జరపరాదు. ఆ మాట మొగిలమ్మకు మస్తు ఎరుక, కంప్యూటరు పుట్టకముందే ఎరుక. మామ పోయినంక, పోలీసు యాక్షన్‌కు ఏడెనిమిదేండ్ల ముందు, బావ, తన పెనిమిటి ఉప్పలయ్య ఇద్దరూ ఇల్లు పంచుకున్నరు. ఎర్రమన్ను పూసిన తాడు ఇటు ఒకరు అటు ఒకరు పట్టుకోని గుంజి ఇడిసిండ్రు, మగ్గం అర్ర నడుమ నుంచి ఎర్రటి గీత పడ్డది. పెద్దమనుషులు అరుగు మీద కూసోని బీడీలు తాగుతాండ్రు. మొగిలమ్మ తలుపు ఎనుక కొంగు నెత్తి మీదికి గుంజుకోని నిలవడ్డది, పద్దెనిమిదేండ్లో పందొమ్మిదేండ్లో, అప్పటికే చూపుతోని పోగులు లెక్కపెట్టే కండ్లు. ఆ గీత మీద గోడ లేస్తే పెద్ద మగ్గం పట్టదని ఆమెకు తెలిసింది, మూడు మూరలు తక్కువైతదని తెలిసింది, పెండ్లి పందిట్ల పరిచే పెద్ద జంపఖానాలు ఇగ ఈ ఇంట్ల నెయ్యరాదని తెలిసింది. గీత జర అటు జరిగితే బావకూ నష్టం లేదు, అటు దిక్కు పొయ్యి కాడ జాగ వట్టిగనే ఉన్నది. చెప్పాల్నంటే ఒక్క మాట. బావ ముందట చిన్న కోడలు నోరు తెరిచే రివాజు లేదు. తెరవలేదు. గోడ లేచింది. మగ్గం చిన్నగ చేసుకున్నరు, పెద్ద జంపఖానాలు అడిగెటోళ్లు నాలుగిండ్ల అవతలికి పోయిండ్రు, ఉప్పలయ్య ఏండ్ల తర్వాత ఒకనాడు అన్నం తినుకుంట తినుకుంట అన్నడు, నీకు ముందే తెలిసిందటగదా, నువ్వన్న చెప్పకపోతివి. ఆ రోజు ఏం కూర వండిందో గూడ యాదికున్నది, దోసకాయ పప్పు. నలభై ఏండ్ల కిందటి దోసకాయ పప్పు యాదికుంటది, నిన్న పొద్దటి కూర మాత్రం ఉండదు, ఇదేం యాది.

ఆ యాదే ఈ నడుమ సతాయిస్తాంది. కోడలు రాజేశ్వరి మొన్న నవ్వుకుంట అన్నది, అత్తా, పప్పుల మూడుసార్లు ఉప్పేసినవు, మేమేమన్న తొక్కు తింటున్నమా. అందరూ నవ్విండ్రు, మొగిలమ్మ గూడ నవ్వింది, నవ్వి పోయి ఎనుకింట్ల ఒక్కతే నిలవడి గోడ మీద చెయ్యి పెట్టుకున్నది. కొత్తవాడ అంతా పెండ్లీడు ముచ్చట వస్తే, ఎవరు ఏ కార్తెల పుట్టిండ్రో కావాల్నంటే, మొగిలమ్మను అడుగుండ్రి అంటరు. ఫలానా పిల్ల వరద వచ్చిన యేడు పుట్టింది, ఫలానాయన రెండో పెండ్లి మిల్లు బందు పెట్టిన నెలల అయింది, అని ఆమె చెప్తాంటే సర్కారు రిజిస్టరు గూడ పక్కకు జరుగుతది. అటువంటిదానికి మతి జారుతాంది అని తెలిస్తే ఎట్లుంటది. ఎవరికీ తెలువలేదు ఇంకా. ఉప్పు ముచ్చట ముసలితనం కింద పోయింది. గని వరుసల ముచ్చట ఎవరికీ తెలువది, తనకే తెలుసు.

వరుసలంటే రామలింగం వరుసలు, జంపఖానాల రంగుపోగుల లెక్కలు. ఒక్కగానొక్క కొడుకు, గోడ లేచిన తర్వాత పుట్టిండు గాబట్టి చిన్న మగ్గం మీదనే పెరిగిండు, అందుకేనేమో వెడల్పు లేని చోట వేషాలు ఎక్కువ వేసిండు, రంగులల్ల, కోణాలల్ల, ఎవరూ నెయ్యనివి నేసిండు. ఆయన బొమ్మ గీసుకునెటోడు గాదు. బొమ్మ ముందల పెట్టుకుంటే చేతులు ఆగుతయి అమ్మా, నువ్వు పిలువు అనెటోడు. రాత్రి పండుకోని నెత్తిల కట్టుకున్నది పొద్దుగాల తల్లికి చెప్పెటోడు, ఒక్కసారి చెప్తే చాలు, మొగిలమ్మ పక్కన కూసోని కండెలు చుట్టుకుంట పిలిచేది, ఎర్ర పన్నెండు, నల్ల రెండు, ఎర్ర పన్నెండు, తెల్ల నాలుగు, ఆమె పిలిచినట్టు అటు చేతులు పోయేయి, ఇంటి ముందట నుంచి పొయ్యెటోళ్లకు అది పాట అనిపించేది. కాయితం మీద పెట్టద్దని ఉప్పలయ్య గట్టిగ చెప్పిండు, పెడితే తెల్లారి పక్కింటి మగ్గం మీద తేలుతది అనెటోడు, అది ఆ ఇంటి కట్టుబాటు. నోట్ల ఉండాలె, నోట్లనే ఉండాలె. నెమలికన్ను, ఇటుకగోడ, చింతగింజ, పులిగోరు, రైలుపట్టాలు, ధర్మసాగరం చెరువు నిండిన యేడు పోయి చూసొచ్చి నేసిన నీటి అలలు, అట్ల నలభై ఒక్కటి. రామలింగం మాత్రం తండ్రికి తెలువకుంట ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కున్నడు. రాసుకున్నడు. ఎందుకు రాసుకున్నడో అప్పుడు మొగిలమ్మకు తెలువలేదు, పచ్చకామెర్లు ముదిరి దవాఖానల పడ్డనాడు ఆ బుక్కు తెప్పిచ్చుకోని అంగి కింద పెట్టుకున్నప్పుడు తెలిసింది. నాలుగో రోజు పోయిండు, డెబ్బై తొమ్మిది, శ్రావణం. కళావతికి పదమూడేండ్లు.

ఆ తర్వాతది తలుచుకోవద్దని ఎన్నిసార్లు అనుకున్నా ఆ మూట కాడికే పోతది మనసు. పోయినోళ్ల బట్టలు మూట కట్టి చాకలోళ్లకు ఇచ్చుడు రివాజు, కట్టినంక ఇప్పరాదు, ఇప్పితే పోయెటోడు ఎనుకకు తిరిగి చూస్తడు, తొవ్వ మరిచిపోతడు అంటరు. వాడకట్టు పెద్ద ఆడోళ్లు కట్టి తెచ్చి మొగిలమ్మ చేతుల పెట్టిండ్రు, చాకలి యాకమ్మకు తల్లి చేతుల మీదుగనే ఇయ్యాల్నని. చేతుల పడంగనే మణికట్టుకు గట్టిగ తగిలింది, బట్టల నడుమ బుక్కు అంచు. అంగితోని పాటే చుట్టిండ్రు. తెలిసింది, ఆ క్షణంల పూర్తిగ తెలిసింది, ఇదేందో తెలువక ఇచ్చిన అని తర్వాత పదిమందికి చెప్పింది గని అబద్ధం. ఇప్పితే కొడుకు తొవ్వ తప్పుతడని భయపడ్డది. చుట్టూ పదిమంది చూస్తాండ్రు. ఇచ్చేసింది. మూడో రోజుకు ఆగలేక యాకమ్మ ఇంటికి పోయింది, అయ్యో అక్కా, వాగుల నానబెట్టినప్పుడు చూసిన, సిరా అంత నీళ్లల్ల కలిసిపాయె అని యాకమ్మ మెత్తటి ముద్ద ఒకటి తెచ్చి చూపిచ్చింది. నీలిరంగు ముద్ద. అప్పట్నుంచి ఆ నలభై ఒక్కటి ఈ నెత్తిల తప్ప భూమి మీద ఇంకెక్కడ లేవు. మగ్గం రాజేశ్వరి నేస్తది, చారలవే, సంఘం ఇచ్చిన నమూనాలు. వరుసలు నేసే చెయ్యి లేదు, పిలిచే నోరు ఉన్నది అంతే.

కళావతికి ఈ కొలువు దొరికినంక, సంక్రాంతి పోయినంక, ఒక ఆదివారం అడిగింది, బాపమ్మా, బాపు వరుసలు నాకు చెప్తవా, మిషన్ల కొట్టుకుంట. ఆఫీసు తాళం కిషన్ రావు సారు దగ్గర అడిగి తీసుకునేది. రెండు నెలల ఆదివారాలు, ఈ బల్ల మీదనే, మొగిలమ్మ కండ్లు మూసుకోని పిలిచేది, పిల్ల వేళ్లు టకటకమని కొట్టేయి, ఆ చప్పుడు మగ్గం చప్పుడు కాదు గని ఒక్కోసారి మతి తప్పి ఎర్ర పన్నెండు అన్నంక ఆ పోగు దాటేంత సేపు ఆగేది మొగిలమ్మ, పిల్ల నవ్వేది, నేను నేస్తలేను బాపమ్మా, నువ్వు చెప్పుకుంట పో. నలభై ఒకటీ అయినయి. అయిన నాడు ఉప్పలయ్య ఫోటో ముందల నిలవడి, కాయితం మీద పెట్టలేదు సుమా అని చెప్పుకున్నది. తేలికయింది. నిజం చెప్పాల్నంటే మరీ తేలికయింది. ఇప్పుడు అనిపిస్తాంది, మోసేటిది ఇంకొకరు తలకెత్తుకున్నరని తెలిసినంకనే నెత్తిల నుంచి ఒక్కొక్కటే జారుడు మొదలైందని. ఉగాదికి ముందు, నీళ్లు పోసుకుంట పోసుకుంట మెట్లబావి వరుస పిలుచుకుంటాంటే నల్ల ఆరు అన్న కాడ ఆగిపోయింది. చెంబు చేతులనే ఉన్నది. తెల్ల ఎన్ని. తెల్ల ఎన్ని. నీళ్లు చల్లబడ్డయి గని అంకె రాలేదు. ఆ రోజు ఫికర్ పడలేదు, మిషన్ల ఉన్నది కద అనుకున్నది, పిల్ల దగ్గర భద్రంగ ఉన్నది.

తలుపు తోసుకోని కిషన్ రావు వచ్చిండు, సంఘం మేనేజరు, మెడకు తువ్వాల, చేతుల ఫైలు. చల్లగాలికి ఒక్క క్షణం కండ్లు మూసుకున్నడు. "కళావతమ్మా, ఎంత దాక వచ్చింది?"

"సంఘం సామానంత ఫ్లాపీలల్లకు ఎక్కింది సార్, ఎనిమిదీ నిండినయి. అర్రలు గీసుడు గూడ అయినట్టే. ఇప్పుడు తుడుసుడు మొదలుపెడితే కరెంటు పోయే లోపట ఆ పని అయిపోతది, మూడింటికి మిగతాది."

"మిషను లేచినంక అండ్ల నూలు లిస్టు తయారు చేసి, ఆ ఫ్లాపీ అయిదు గంటల బస్సుకు హైదరాబాదు పోవాలె. పోకపోతే మూడువందల మగ్గాలకు ఈ నెల నూలు లేదు. రేపు పొద్దుగాల అందరు వచ్చి నా అంగి గుంజుతరు, నీది కాదు." అని మొగిలమ్మ దిక్కు తిరిగిండు. "ఏం పెద్దమ్మా, మనవరాలికి కాపలానా, చల్లగాలికి వచ్చినవా?"

"రెండిట్ల ఏదైనా నీ సంఘానికి కిరాయి కట్టను సారు," అన్నది మొగిలమ్మ. నోరు అలవాటుగ అన్నది, మనసు అక్కడ లేదు. ఎనిమిదీ నిండినయి అన్న మాట కాడ ఆగింది.

ఆయన పక్క అర్రలకు పోంగనే అడిగింది. "మరి మీ బాపువి ఏ ఫ్లాపీలకు ఎక్కిచ్చినవు బిడ్డా?"

కళావతి ఇటు తిరగలేదు, క్యాలెండరు కాయితం మీది నాలుగో అర్రను పెన్సిలుతోని మళ్ల మళ్ల దిద్దుతాంది. "డబ్బాల పది ఫ్లాపీలుండె బాపమ్మా. రెండు చెడిపోయినయి, చదువుతలేవు. హైదరాబాదుల తప్ప ఈడ దొరకవు. ప్రింటు తీద్దామంటే రిబ్బను ఎండి నెల అయింది. సంఘానివి ఒక్కటి గూడ తియ్యరాదు, మూడువందల ఇండ్లు." అని జర ఆగింది. "నేను అన్ని తీర్ల చూసిన. ఫికర్ చెయ్యకు. బాపు అర్ర గీసిన చూడు, ఈసారి వేరే అర్ర, దాని చిట్టా దానికే, సంఘం పాడైనా అది పాడు గాదు. కొత్త ఫ్లాపీలు రాంగనే రెండు కాపీలు తీస్త. నీ నోట్లనే ఉన్నయి గద, మళ్ల ఆదివారాలు కూసుందాం, మళ్ల చెప్పు. ఈసారి నవ్వను."

అర్ర ఉంటది, అర్రల పెట్టెటిది ఉండదు. గోడలు సక్కగ లేస్తయి ఈసారి, మూర తక్కువ కాకుంట లేస్తయి, లోపల ఖాళీ. మొగిలమ్మ సద్ది గిన్నె మూత మీద వేలుతోని గీత గీసుకుంట కూసున్నది. పిల్లది తప్పేం లేదు, పిల్ల బాపమ్మ నెత్తిని నమ్మింది, మిషను కంటె గట్టిదని నమ్మింది, ఎనిమిది ఫ్లాపీల తర్వాత తొమ్మిదోది ఈ నెత్తే అనుకున్నది. నమ్ముడే నేర్పిచ్చింది తను. పోయిన ఆదివారం బల్ల మీద కూసోని ఊరికే పిలుచుకున్నది, చింతగింజ వచ్చింది, పులిగోరు వచ్చింది, నీటి అలలు సగం దాక వచ్చి చెదిరింది, ఒక వరుసల ముక్క ఇంకొక వరుసల చేరింది, ఏది ఏ అర్రల ఉండాల్నో అది అండ్ల లేదు, అంతా ఒకటే అర్ర, ఒకటే చిట్టా, చిట్టా చినుగుతాంది. ఇన్ని రోజులు దానికి పేరు లేకుండె, పిల్ల ఇయ్యాల పేరు పెట్టింది. చెప్తే ఏమైతది. చెప్తే నిజమైతది, అంతే. చెప్పకపోతే ఇంకో నెల మొగిలమ్మ మొగిలమ్మ లెక్క ఉంటది, ఆదివారం రాంగనే బల్ల మీద కూసోని నాలుగు వరుసలు చెప్పి, ఇయ్యాల గొంతు బాగలేదు బిడ్డా అని లేవచ్చు, మళ్ల ఆదివారం నడుము నొస్తాందనవచ్చు, అట్ల పోతపోత తనే పోవచ్చు. ఎవరికీ తెలువది. రామలింగానికి గూడ తెలువది. ఆనాడు తలుపు ఎనుక కొంగు గుంజుకోని నిలవడ్డ పిల్లకు గూడ అట్లనే అనిపిచ్చింది, చెప్పకపోతే ఏమైతది, ఎవరికి తెలుస్తది. మణికట్టుకు గట్టిగ తగిలింది, ఇప్పటికీ తగులుతాంది, ఈ గిన్నె అంచు గాదు అది, ఆనాటి బుక్కు అంచు. ఇప్పుడు ఎవరు చూస్తాండ్రని, బావ లేడు, అరుగు మీద పెద్దమనుషులు లేరు, వాడకట్టు ఆడోళ్లు లేరు, ఉన్నది పిల్ల ఒక్కతే, చెవుల పెన్సిలు పెట్టుకోని.

కళావతి కుర్చీ ముందుకు జరుపుకోని వేళ్లు ఆ అచ్చరాల బిళ్లల మీద పెట్టింది.

"బిడ్డా, జర ఆగు."

"ఆకలైతాందా బాపమ్మా? నువ్వు తిను, నాకు అయిదు నిమిషాలు."

"ఆకలి గాదు. మెట్లబావి ముందల పెట్టుకో. నేను పిలుస్త, నువ్వు చూడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

కళావతి గడియారం దిక్కు చూసింది, ముసలిదాని మొకం చూసింది, ఏమనుకున్నదో వేళ్లు ఆడిచ్చి మెట్లబావి తెర మీదికి తెచ్చింది. ఆకుపచ్చ అంకెలు మెట్లు మెట్లుగ దిగినయి. మొగిలమ్మ కండ్లు మూసుకున్నది. "ఎర్ర పన్నెండు, నల్ల రెండు, ఎర్ర పన్నెండు, తెల్ల నాలుగు, నల్ల ఆరు." ఆగింది. మిషను లోపల రాట్నం కిర్రుమంటాంది. పిల్ల నవ్వుకుంట చూస్తాంది, పోగు దాటేదాక ఆగుతాంది కావచ్చు అనుకున్నది. ఆ పోగు దాటేంత సేపు అయింది. ఇంకో పోగు దాటేంత సేపు అయింది. పిల్ల మొకంల నవ్వు ఎప్పుడు పోయిందో మొగిలమ్మ చూడలేదు, కండ్లు తెరిచేటాల్లకు లేదు.

"తెల్ల ఎనిమిది బాపమ్మా," అన్నది కళావతి మెల్లగ.

"ఆ. తెల్ల ఎనిమిది. ఆ తర్వాత నాకు లేదు బిడ్డా. ఉగాది ముందట్నుంచి లేదు. ఇదొక్కటే గాదు. నీటి అలలు సగమే ఉన్నది. ఇంకేమేం పోయినయో నాకే తెలువది. నా నోట్ల ఉన్నయని నువ్వు అవ్వి తుడవకు."

కళావతి చేతులు ఆ బిళ్లల మీద నుంచి తీసి ఒళ్ల పెట్టుకున్నది. "ఉప్పు ముచ్చటకు నేను గూడ నవ్విన," అన్నది.

"నవ్వితే ఏమాయె. నేను గూడ నవ్విన."

పిల్ల లేచి పక్క అర్రలకు పోయింది. మాటలు ఇనవడ్తయి, గోడ పల్చటిది. సార్, ఒంటిగంట దాక తుడవను, కరెంటు వచ్చినంకనే మొదలుపెడ్త. ఎందుకమ్మా, బస్సు పోతదమ్మా. మా బాపువి ఉన్నయి సార్ అండ్ల, చేత్తోని రాసుకోవాలె. నూలు లిస్టు సంగతి? సంఘం సామాను ఫ్లాపీలల్ల ఉన్నది, ఏడికి పోదు, బస్సు అందుతదో అందదో చెప్పలేను, అందకపోతే నాది తప్పు, రాసియ్యమంటే రాసిస్త. కాయితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత కిషన్ రావు గొంతు, బస్సు పోతే రైలుకు నేను పోవాలె, నిలబడి పోవాలె, తెలుసా, అని. కుర్చీ జరిగిన చప్పుడు. కళావతి తిరిగి వచ్చేటప్పుడు చేతుల సంఘం పాత రశీదు కాయితాలు ఒక బొత్తి ఉన్నది, ఎనుక దిక్కు ఖాళీగ ఉన్నయి, ఆయనే తీసి ఇచ్చిండట.

పన్నెండుంబావు. "నలభై ఒకటీ రాయలేను బాపమ్మా," అన్నది కళావతి కూసుంటనే. "ఎంత ఉరికినా పది, పన్నెండు. ఏవి ముందు?"

ఏవి ముందు. మొగిలమ్మకు నెమలికన్ను ముందు అనాలనిపిచ్చింది, అది రామలింగానికి పానం. అనలేదు. "నాకు లేనివి ముందు. ఉన్నయి నేను మోస్త, ఇయ్యాల రాత్రికే కూసోని అవ్వి గూడ రాద్దాం, అవ్వి గూడ పోకముందే. నువ్వు పేరు చదువు, నేను పిలుచుకుంట వస్త. ఏది ఆగితే అది రాసుకో."

చదివింది. నెమలికన్ను పారింది, కళావతి చాలు చాలు అనేదాక పారింది. ఇటుకగోడ పారింది. చింతగింజ. రైలుపట్టాలు. పులిగోరు పారింది గని నడుమ ఒక కాడ తడబడ్డది, పిల్ల ఆ ఒక్క గీత మాత్రం కాయితం మీదికి ఎక్కిచ్చింది. మెట్లబావి రాసింది, నీటి అలల కింది సగం రాసింది. పేరు, అంకెలు, పేరు, అంకెలు, పెన్సిలు మొద్దుబారితే పంటితోని చెక్కింది. కట్టుబాటు పోయింది, కాయితం మీదికి వచ్చినయి ఆ ఇంటి వరుసలు, పక్కింటి మగ్గం మీద తేలితే తేలనీ, తేలితే బతికినట్టే కద అనుకున్నది మొగిలమ్మ, ఉప్పలయ్య ఫోటోకు ఏం చెప్పుకోవాల్నో అది తర్వాత. గడియారం దిక్కు ఇద్దరూ చూస్తలేరు. పిల్ల వేలు తెర మీద కిందికి జారుకుంట పోతాంది, వచ్చింది, వచ్చింది, రాలేదు, వచ్చింది.

"గవ్వలపేట," అన్నది కళావతి.

మొగిలమ్మ కండ్లు మూసుకున్నది.

"గవ్వలపేట బాపమ్మా."

ఎదికింది. మొదటి రంగు ఎదికింది, అంచు ఎదికింది, ఆ పేరు ఏ పొద్దు పెట్టిండో, ఏ గవ్వలు చూసి పెట్టిండో ఎదికింది. మిగతావి తెగిన కాడ తెగినయి, పోగు కొస చేతుల ఉండె. దీనికి కొస గూడ లేదు.

"ఇది మన రామలింగందేనా?"

"నువ్వే చెప్పినవు. శివరాత్రి దాటిన ఆదివారం. మస్తు పొడుగున్నది, ఇది పట్టుకుంటే ఇగ వేరేవి రాయలేం." కళావతి గడియారం దిక్కు చూసింది. "ఏం చేద్దాం?"

మొగిలమ్మ సద్ది గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. కొంగు సదురుకున్నది. పొద్దుగాల రామలింగం మగ్గం కాడికి వచ్చి, అమ్మా, రాత్రి ఒకటి కట్టిన, ఇను అన్నప్పుడు ఎట్ల కూసునేదో అట్ల ముందుకు వంగి కూసున్నది. తొమ్మిదేండ్లయింది ఆయన కొత్తది చెప్పక.

"పెద్దగ చదువుకుంట రాయి బిడ్డా. నేను ఇంట."

"నీలం పదహారు," అన్నది కళావతి. "తెల్ల ఒకటి. నీలం పదహారు. పసుపు మూడు."

నీలం నడుమ ఒకటే తెల్ల. మొగిలమ్మకు గవ్వ అవుపడ్డది, నీళ్లల్ల ఒక్కటే గవ్వ. ఒడిలున్న చేతులు వాటంతట అవే కదిలినయి, పోగు పట్టుకున్నట్టు.

"ఆ," అన్నది. "తర్వాత?"